కరెంటు లేని కొండకు కరెంటు కోత

మా గుండ్లకొండ మీద కరెంటు లేదన్న సంగతి మాకు మొదటినుంచీ తెలుసు. అది అమ్ముడుపోయే సరుకని మాత్రం తెలియదు.

కొండ కింద మా ఊరు కొట్టాలలో అరవై ఇళ్లు. మాకు కరెంటు ఉంది. అంటే స్తంభాలున్నాయి, తీగలున్నాయి, రోజుకు ఆరేడు గంటలు వాటిలో ఏదో పారుతుంది కూడా. కొండ మీద ఆ పాటి కూడా లేదు. పైన కాస్త చదును, నాలుగు తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు, బండరాళ్లు, గాలి. మేకలు తోలుకుపోయేవాళ్లు తప్ప ఎక్కే దిక్కు లేదు.

అట్లాంటి కొండను సర్కారు వనవిహార సంస్థవారు కనుక్కున్నారు. పైకి ముప్పావు కిలోమీటరు మట్టిరోడ్డు వేశారు. కింద గేటు పెట్టారు. పైన పన్నెండు గుడారాలు వేసి, 'ఇచ్చట కరెంటు లేదు' అని బంగారు రంగు అక్షరాలతో బోర్డు రాయించారు. ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగాలంటే గుడారం అద్దెకు తీసుకోవాలి. మా ఊళ్లో కరెంటు పోతే లైన్‌మన్‌ను తిడతాము. కొండెక్కి టిక్కెట్టు కొనుక్కుంటే అదే చీకటిని ప్రకృతి అనుభూతి అంటారని అప్పుడు తెలిసింది.

శిబిరానికి అధికారిగా పరాంకుశం గారు వచ్చారు. ఆయన హోదా 'సంయుక్త సహాయ సంచాలకులు, ప్రకృతి అనుభూతి విభాగము'. మంచి మనిషి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క నియమం కూడా మీరినవాడు కాదు, ఒక్క నియమం కూడా ఎందుకు పెట్టారో అడిగినవాడూ కాదు. మాట్లాడితే కాగితం చదివినట్టుండేది. నీళ్లు కావాలంటే, "దాహము నిమిత్తము కొంత జలము అవసరపడుచున్నది" అనేవారు. మా ఆడవాళ్లు మొదట భయపడి, తర్వాత చెంబు ఇచ్చేవాళ్లు.

మొదటి శనివారం పట్నం నుంచి పదకొండు కార్లు వచ్చాయి. అందులో చక్రపాణి గారని, బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి ఒకాయన. భార్యతో సహా దిగి, బోర్డు ముందు ఫొటో తీయించుకుని, గుడారంలోకి పోయి చుట్టూ చూసి, ప్లగ్గు ఎక్కడుందని అడిగారు. ఆయన కారు డిక్కీలోంచి మిక్సీ, కరెంటు కెటిల్, టేబులు ఫ్యాను, దోమల బ్యాటు, ఇస్త్రీపెట్టె దిగాయి. కొండ మీద ఇస్త్రీపెట్టె ఎందుకు సార్ అని సామాను మోసినవాడు అడిగితే, ప్రకృతి ముందుకు నలిగిన చొక్కాతో పోతామా అన్నారట. మిగిలిన పది కార్లలోనూ ఇంచుమించు ఇవే ఉన్నాయి. కరెంటు లేకుండా గడపడానికి వచ్చినవాళ్లందరూ, కరెంటు లేకపోతే ఎట్లా అని ముందే ఆలోచించుకుని వచ్చారు. కారు బ్యాటరీకి తగిలిస్తే ఇంట్లో సామాన్లు తిరిగేట్టు చేసే డబ్బా ఒకటి బజారులో దొరుకుతుందట. అదీ అందరి దగ్గరా ఉంది.

పరాంకుశం గారు చిక్కులో పడ్డారు. నియమావళిలో కరెంటు తీగ పనికిరాదని ఉంది, జనరేటరు పనికిరాదని ఉంది, వచ్చిన రోజు, పోయే రోజు తప్ప గేటు లోపల ఇంజను మోగకూడదని ఉంది, మంట పెట్టకూడదని ఉంది. బ్యాటరీ మాట లేదు. ప్రధాన కార్యాలయానికి ఫోను చేశారు. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. దాన్ని ఆయన తుమ్మచెట్టు కింద అందరికీ చదివి వినిపించారు. "వాహనపు బ్యాటరీ వాహనములో అంతర్భాగము. దానికి తగిలించిన మిక్సీ మొదలగునవి సదరు వాహనపు ఉపాంగములుగా భావించవలెను. ఉపాంగము తిరుగుట కరెంటు కిందికి రాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం పదకొండు కార్ల ముందు మూతలు తెరిచి, ఒక్కో కారుకు ఒక ఉపాంగం చొప్పున తిప్పారు. కొబ్బరి పచ్చడి వాసన మా కొట్టాల దాకా వచ్చింది.

ఆదివారం పొద్దున ఒక్క కారూ కదల్లేదు. తాళం తిప్పితే టిక్కుమనడం, ఊరుకోవడం. పదకొండు కార్లు టిక్కు టిక్కుమంటుంటే కొండంతా బల్లులు పట్టినట్టుందని మేకలవాడు వచ్చి చెప్పాడు.

మా ఊళ్లో బ్యాటరీ సంగతి తెలిసినవాడు ఖాదర్‌వలీ ఒక్కడే. పెళ్లిళ్లకు, పీర్ల పండగకు, తిరునాళ్లకు మైకుసెట్టు అద్దెకిస్తాడు. కరెంటును నమ్ముకుంటే మైకు మోగదని ముప్పై ఏళ్లుగా బ్యాటరీతోనే కాపురం చేస్తున్నాడు. పైకి పిలిపించారు. అతను ఒక చిన్న బల్బుతో పదకొండు బ్యాటరీలూ తాకి చూసి, బీడీ తీసి, నియమం గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"కారు బ్యాటరీ అంటే పందెం కోడి సార్," అన్నాడు. "ఒక్క తన్ను తంతాది, ఇంజను లేస్తాది. అంతే దాని పని. దాన్ని పట్టకచ్చి రాత్రంతా బండి లాగమంటే ఎట్లా? ఇంజను తిరిగితేనే దాని కడుపు నిండేది. మీరు తోడుకోవడమే గాని పోసేదే లేదాయె."

ఇంజను తిప్పకూడదు. ఇంజను తిరగందే బ్యాటరీ నిండదు. బ్యాటరీ నిండందే ఇంజను తిరగదు. పరాంకుశం గారు ఈ మూడు వాక్యాలనూ నోట్‌బుక్కులో రాసుకుని, వాటిలో ఏదీ నియమావళికి విరుద్ధం కాదని తేల్చారు.

ఇక్కడ మా ఓబులేసన్న కథలోకి వస్తాడు. ఓబులేసన్నకు కొండ వాలులో నాలుగెకరాల రాళ్లచేను, ఒక జత ఎద్దులు. ఊళ్లో అందరూ ఎద్దులమ్మి ట్రాక్టరు బాడుగకు పెట్టుకున్నారు. ఈయన చేనిలోకి ట్రాక్టరు ఎక్కదు కాబట్టి ఈయన ఎద్దులు మిగిలాయి. ఒకటి పుల్లోడు, ఒకటి మైలోడు. ఆ ఏడు వరిగడ్డికి కరువు. ఎండాకాలం గట్టెక్కేదెట్లాగా అని భార్య లింగమ్మా ఆయనా దిగులు పడుతున్న రోజులవి. ఎద్దుల్ని పట్టుకొచ్చి కార్లను రోడ్డు మీదికి లాగితే, వాలులో వదిలి లేపుకోవచ్చని ఖాదర్‌వలీ చెప్పాడు. ఓబులేసన్న మోకు తెచ్చి ఒక్కో కారుకూ కట్టి, వాలు మొదలు దాకా లాగించాడు. అక్కడ గేరులో వేసి వదిలితే కారు దొర్లి, ముక్కి, దగ్గి, సగం దారిలో లేచి కూర్చుంది.

చక్రపాణి గారికి ఇంకా రెండు రోజుల బస ఉంది. ఆయన కారు కిందికి పోయింది, బ్యాటరీ కాస్త నిండింది, కాని ఇంజనుతో పైకి రాకూడదు. గేటు బయట నిలుపుదామంటే అది అడవిశాఖవారి జాగా, అక్కడ బండి ఆగితే జరిమానా. కాబట్టి ఎద్దులే మళ్లీ పైకి లాగాయి.

దిగేటప్పుడు ఇంజను మోగింది కదా, అది మాత్రం తప్పు కాదా అని గుడారాల వాళ్లలో ఒకరు ఈర్ష్యతో అడిగారు. పరాంకుశం గారు ఆ పూట అన్నం తినకుండా ఆలోచించారు. మర్నాడు తీర్పు చెప్పారు.

"పల్లమునకు జారుట ప్రకృతి ధర్మము. తాళము తిప్పిన ఇంజను మనుష్యకృతము, పల్లము తిప్పిన ఇంజను ప్రకృతికృతము. ప్రకృతి శిబిరమునందు ప్రకృతిని నిషేధించుట సాధ్యపడదు."

ఇక చూసుకోండి. ఉదయం ఎద్దులు కార్లను పైకి లాగడం, కార్లు కిందికి దొర్లడం, మళ్లీ లాగడం. ఖాదర్‌వలీ లెక్క ప్రకారం ఒక కెటిల్ నీళ్లు కాగాలంటే కారు ఐదుసార్లు కొండ దిగాలి. చొక్కా ఇస్త్రీకి మూడుసార్లు. దోమల బ్యాటుకు అక్కర్లేదు, ఊరికే వస్తుంది. లింగమ్మొదిన శిబిరం గడ్డిబండిలోంచి మోపు దింపుతూ ఇదంతా చూసి, ఆ టీ ఏదో మూడు రాళ్లు పెట్టి రెండు పుల్లలతో నేను కాచిస్తాను కదా అని అడిగిందట. మంట నిషేధమని చెప్పారు. అయితే కాచి కిందినుంచి తెస్తానంది. బయటి ఆహారపదార్థములు నిషేధమని చెప్పారు. ఎద్దులకు కడుపునిండా గడ్డి పెడుతున్నారు, అది చాలనుకుంది. ఓబులేసన్నకు కూలి కింద రావలసింది అదే, గడ్డి. ఎండాకాలమంతా ఎద్దులకు శిబిరం మేత పెట్టేట్టు, ఎద్దులు శిబిరం పనిలో ఉండేట్టు ఒప్పందం రాసుకున్నారు. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. గడ్డి బండి కళ్లెదురుగా ఉంటే కాగితం ఎవరు చదువుతారు?

వారానికొక చిక్కు వచ్చేది. మా వైపు సోమవారం బసవన్న దినం. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టము, ఎంత పదునున్నా దున్నము. ఒప్పందమయ్యాక వచ్చిన మొదటి సోమవారం పొద్దున శిబిరమంతా కెటిళ్లు పట్టుకుని కూర్చుంటే ఎద్దులు నెమరు వేస్తూ పడుకున్నాయి. ఓబులేసన్న వాటి కొమ్ములకు పసుపు రాస్తున్నాడు.

"ఈ దినం కాడి కట్టం సార్. బసవన్న దినం," అన్నాడు.

పరాంకుశం గారు కోప్పడలేదు. నియమం అన్నది ఎవరిదైనా ఆయనకు గౌరవమే. బోర్డు పక్కన ఇంకొక బోర్డు వేలాడింది, 'సోమవారము పవర్ హాలిడే' అని.

నెలాఖరుకు ఆయన ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపారు. ఉపాంగములకు మూలము బ్యాటరీ, బ్యాటరీకి మూలము వాలు, వాలుకు మూలము ఎత్తు, ఎత్తునకు మూలము రెండు ఎద్దులు అని అందులో రాశారు. పైవాళ్లు అది చదివి పరవశించిపోయారు. తీగ లేదు, బొగ్గు లేదు, గడ్డితో విద్యుత్తు. దేశంలో ఎక్కడా లేదు. సంస్థ ఆధ్వర్యంలో ఒక విద్యుత్ కేంద్రం ఉన్నట్టు తమకే తెలియకపోయినందుకు చింతిస్తూ, వెంటనే దాన్ని నమోదు చేయమన్నారు.

నమోదు ఫారంలో 'యంత్రపు అశ్వశక్తి' అని ఒక గడి ఉంది. ఒక ఎద్దుకు ఎన్ని గుర్రాలో ఎవరికీ తెలియక ఫైలు పశువైద్యశాఖకు పోయింది. డాక్టరు గారు స్వయంగా వచ్చి, పుల్లోడి నోరు తెరిచి పళ్లు చూసి, మైలోడి డెక్కలు చూసి, సర్టిఫికెట్టు ఇచ్చారు. 'పరీక్షించిన మీదట సదరు జంతువులు గుర్రములు కావని ధ్రువీకరించడమైనది.' ఫారంలో అశ్వశక్తి గడిలో సున్నా వేశారు. అశ్వశక్తి సున్నాగా ఉండి కూడా పదకొండు కార్లను నడిపిన కేంద్రంగా దానికి మరింత పేరొచ్చింది.

అప్పటినుంచి పుల్లోడు యూనిట్ ఒకటి, మైలోడు యూనిట్ రెండు. మెడలో గంటల పక్కన రేకుబిళ్లలు వేలాడాయి. శిబిరంలో వాటిని కట్టేసే కొట్టం చుట్టూ ముళ్లకంచె వేసి, పుర్రె బొమ్మతో 'అపాయము, తాకరాదు' అని ఎర్రబోర్డు పెట్టారు. దూడలుగా ఉన్నప్పుడు తన చేతుల్లో పెరిగిన ఎద్దుల దగ్గరికి పోవాలంటే లింగమ్మొదిన గేటుదగ్గర పాసు చూపించాలి. మేత వేసేది ఆమే కాబట్టి రిజిస్టరులో ఆమె 'ఇంధన సరఫరాదారు'. పేడ ఎత్తుకుపోదామంటే, విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలితే మిగిలే బూడిదకు ఏ నిబంధనలుంటాయో వాటిని తెప్పించి చదివి, పైన గోనెపట్టా కప్పి మూడు వందల మీటర్ల దూరంలో పారబోయమన్నారు. ఆ దూరంలో సరిగ్గా మా పేడదిబ్బే ఉంది కాబట్టి ఎవరికీ కష్టం కలగలేదు.

ఇన్నాళ్లూ ఊరంతా నవ్వుకున్నాము. జూన్ వచ్చింది. నవ్వు ఆగింది.

మృగశిర కార్తె పెట్టిన మూడోరోజు మధ్యాహ్నం పడమట మబ్బు లేచి రెండు గంటలు దంచింది. రాళ్లచేలు మెత్తబడ్డాయి. ఓబులేసన్న చేనిలో వేలు గుచ్చి చూసి ఇంటికొచ్చి, విత్తనం బస్తా దించమన్నాడు. వేరుశనగ విత్తనం అప్పటికే కొట్టి, గింజ తీసి పెట్టుకుని ఉన్నారు. ఒలిచిన గింజ ఎక్కువ రోజులు ఆగదు. కొండవాలు చేలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, నాలుగు రోజులకంటే నిలవదు. ఈ నాలుగు రోజుల్లో గొర్రు కట్టి విత్తితే ఆ ఇంట్లో ఏడాది తిండి. కట్టకపోతే మళ్లీ వాన ఎప్పుడో, అప్పటికి గింజ మొలకశక్తి ఏమిటో దేవుడికే ఎరుక. ఊళ్లో ఇంకో జత ఎద్దులు లేవు.

మొదటి రోజు ఓబులేసన్న పైకి పోయి ఎద్దులు కావాలన్నాడు. పరాంకుశం గారు ఒప్పందం తీసి చూపించారు. ఎండాకాలమని నోటిమాటగా అనుకున్నదే గాని, కాగితంలో 'శిబిరము నడుచునంత కాలము' అని ఉంది. ఓబులేసన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, అయితే నాలుగు దినాలు సెలవియ్యండి సార్ అన్నాడు.

"విద్యుత్ కేంద్రము సెలవు కోరిన దృష్టాంతము లేదు, ఓబులేసూ. సెలవు ఉద్యోగికి వర్తించును. కేంద్రము స్థిరాస్తి. స్థిరాస్తి స్థలము విడిచి చేనికి పోజాలదు."

"పోతాది సార్. దానికి నాలుగు కాళ్లుండాయి," అన్నాడు ఓబులేసన్న.

పరాంకుశం గారు ఆ అంశాన్ని కూడా రాసుకుని పైకి పంపారు.

రెండో రోజు జవాబు రాలేదు. ఎండ కాసింది. ఓబులేసన్న పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేనికి పోయి మట్టి పిడికిట్లో పట్టి చూశాడు. పొద్దున ముద్ద కట్టిన మట్టి మధ్యాహ్నానికి అంచుల్లో రాలింది. సాయంత్రం ఆయన కొట్టం కంచె బయట కూర్చుని ఎద్దులవైపు చూస్తూ ఉండిపోయాడు. పుల్లోడు కంచె దగ్గరికి వచ్చి మోర చాపాడు. కాపలావాడు పుర్రెబోర్డు చూపించాడు. ఎద్దులు విప్పుకుని పోదాం పా అని ఖాదర్‌వలీ అన్నాడట. సర్కారు యంత్రం దొంగిలించినట్టు కేసు పెడతారన్నా అని ఓబులేసన్న లేచి ఇంటికి వచ్చాడు. ఆ మాట తనే అన్నాక, తన ఎద్దులు తనవి కావన్న సంగతి ఆయనకు మొదటిసారి పూర్తిగా అర్థమైనట్టుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడో రోజు పొద్దున ఇంట్లో కరెంటు పోయింది. మామూలే. లైన్‌మన్ సైకిలు మీద పోతుంటే లింగమ్మొదిన ఆపి, ఎందుకు పోయిందని అడిగింది. పెద్ద కేంద్రంలో ఒక యూనిట్‌ను ఏటేటా చేసే మరమ్మతుకు ఆపారని, పది రోజులు ఇట్లాగే ఉంటుందని అతను చెప్పాడు. ఆమె ఇంట్లోకి పోయింది. తర్వాత తల దువ్వుకుని, మొగుణ్ని వెంట రమ్మని చెప్పి కొండెక్కింది. ఏం మాట్లాడతావో చెప్పమని ఓబులేసన్న దారి పొడుగునా అడిగాడు. నువ్వు నోరు మూసుకోనుండు, చాలు అంది.

పరాంకుశం గారు బల్ల దగ్గర ఉన్నారు. చక్రపాణి గారు ఆ నెల మళ్లీ వచ్చి, కెటిల్ పట్టుకుని తన వరుస కోసం అక్కడే కూర్చున్నారు.

"సార్, మా ఊరికి కరెంటిచ్చే యంత్రాలను ఏటేటా నిలిపేసి బాగుచేస్తారంట, నిజమేనా?" అని అడిగింది లింగమ్మొదిన.

నిజమే, దానిని వార్షిక మరమ్మతు అందురు, తప్పనిసరి అన్నారాయన.

"చెయ్యకుంటే?"

యంత్రము పాడగును, బాధ్యుడైన అధికారి మీద చర్య తీసుకొందురు అన్నారు.

"మరి మీ యంత్రాలకు ఎప్పుడు సార్?"

పరాంకుశం గారి కలం ఆగింది. ఆయన ముఖంలో భయం మేము అప్పటిదాకా చూడలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక నియమం తన చేతిలోంచి జారిపోయింది. ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పారు. నమోదు చేసిన కేంద్రమే గాని మరమ్మతు కార్యక్రమం లేదు. సంస్థలో ఎద్దును మరమ్మతు చేయగల నిపుణులు ఎవరున్నారని తనలో తానే అనుకున్నట్టు పైకే అన్నారు.

"మా ఆయన చేస్తాడు సార్. వాళ్ల నాయన కాన్నుంచి అదే పని," అంది లింగమ్మొదిన.

విధానమేమిటని అడిగారు. ఆమె నిదానంగా చెప్పింది. కీళ్లు బిగుసుకుని ఉంటాయి సార్, మెత్తని నేల మీద వరుసగా అటూ ఇటూ నడిపించాలి. ఊరికే నడిపిస్తే తెలియదు, వెనకాల బరువు ఉండాలి. ఆ బరువుకు కింద మూడు కర్రలుండి నేలలో దిగబడుతూ రావాలి, అప్పుడే ఏ యూనిట్ ఎటు గుంజుతుందో తెలుస్తుంది. పొద్దున చల్లపూట, సాయంత్రం చల్లపూట. ఆయన ఒక్కమాట పోకుండా రాసుకున్నారు. అట్లాంటి మెత్తని నేల ఎక్కడ లభ్యమగునని అడిగారు. మా చేను ఉండాది సార్, అద్దె వద్దులే అంది.

చక్రపాణి గారు పక్కనుంచి, ఆ మూడు కర్రల్లోంచి గింజలు పడితే దాన్ని విత్తడం అంటారేమో కదా అన్నారు. ఆయన తాత వ్యవసాయం చేసేవాడట. లింగమ్మొదిన ఆయనవైపు ఒక చూపు చూసింది. ఆయన కెటిల్ మూత సర్దుకున్నారు.

ఆర్డరు గంటలో తయారైంది. 'యూనిట్ ఒకటి, రెండు వార్షిక మరమ్మతు నిమిత్తము నిలుపుదల చేయడమైనది. సర్వే నంబరు 214 నందు బరువు పరీక్ష జరుపవలెను. పరీక్షా సమయమున సాధనమునుండి ఏవేని గింజలు జారి భూమిలో పడినచో అవి సంస్థ ఆస్తి కావు. వాటిని తిరిగి ఏరరాదు.' ఆ చివరి వాక్యం ఎవరు చెబితే రాశారో, తనకు తానే రాశారో మాకు తెలియదు. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, సంతకం చేసేటప్పుడు తలెత్తలేదు.

ఎద్దులు కంచె దాటుతుండగా లింగమ్మొదిన రేకుబిళ్లలు విప్పి కొంగులో కట్టుకుంది. కొండ దిగేదాకా అవి గలగలమంటూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం శిబిరంలో మూడో బోర్డు వేలాడింది. 'మరమ్మతుల కారణముగా మూడు దినములు కరెంటు కోత. అసౌకర్యమునకు చింతిస్తున్నాము.'

'ఇచ్చట కరెంటు లేదు' అన్న బంగారు అక్షరాల బోర్డు కింద అది కనబడగానే పన్నెండు గుడారాలూ ఒక్కసారి లేచాయి. కరెంటు లేకుండా ఉండడానికి డబ్బు కట్టి వచ్చినవాళ్లే వాళ్లు. లేకపోవడంలో వాళ్లకు అభ్యంతరం లేదు. కోయడం మాత్రం సహించలేకపోయారు. లేని కరెంటును కోసే అధికారం మీకెవరిచ్చారని ఒకాయన నిలదీశాడు. ముందుగా నోటీసు ఇవ్వాలని ఇంకొకాయన. కోత వేళలు చెబితే ఆ ప్రకారం చీకట్లో కూర్చుంటాం గాని, ఇట్లా వేళాపాళా లేకుండా కూర్చోబెడితే ఎట్లా అని ఒకామె. ఆఖరికి విద్యుత్ కేంద్రం నిజంగా మరమ్మతులో ఉందో, వేరే శిబిరానికి కరెంటు మళ్లించారో తనిఖీ చేస్తామని పట్టుబట్టారు. పరాంకుశం గారికీ మరమ్మతు పర్యవేక్షణ నివేదిక రాయవలసి ఉంది.

అట్లా నాలుగో రోజు పొద్దున మా ఓబులేసన్న చేని గట్టు మీద పాతికమంది పట్నంవాళ్లు, ఒక అధికారి, ఒక ఫైలు నిలబడ్డారు. పదును ఇంకా ఉంది. నాలుగెకరాల్లో రెండు అప్పటికే అయిపోయాయి. పుల్లోడు, మైలోడు గొర్రు లాగుతున్నాయి. ఓబులేసన్న మేడి పట్టుకున్నాడు. లింగమ్మొదిన వెంట నడుస్తూ గొర్రు గిన్నెలోకి గింజ జారవిడుస్తోంది. కారు లాగేటప్పుడు తలవంచుకుని నడిచిన ఎద్దులు ఇక్కడ తల ఎత్తుకుని నడుస్తున్నాయని ఖాదర్‌వలీ అన్నాడు. నాకైతే ఎప్పటిలాగే కనిపించాయి.

మెయిన్ స్విచ్చి ఏదని ఒకాయన అడిగాడు. ఓబులేసన్న ముల్లుకర్ర చూపించాడు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. విత్తేవేళ గట్టుకు వచ్చినవాణ్ని, పగవాడైనా సరే, ఊరికే పంపకూడదు. చేతిలో నాలుగు గింజలు పెట్టి సాలులో వేయించాలి. లింగమ్మొదిన వరుసగా అందరికీ పెట్టింది. పరాంకుశం గారి దగ్గరికి వచ్చేసరికి ఆయన వెనక్కి అడుగు వేశారు. తాను పర్యవేక్షకుడినని, మరమ్మతునందు పాల్గొనరాదని అన్నారు.

"చెయ్యి చాపండి సార్. మా యంత్రానికి ఇన్ని దినాలు మేత పెట్టినారు," అంది ఆమె.

ఆయన ఫైలును చంకలో పెట్టుకుని, చెప్పులు విడిచి, చేయి చాపారు. గొర్రు వెంట అరసాలు దూరం నడిచారు. గింజలు కొన్ని గిన్నెలో పడ్డాయి, చాలా బయట పడ్డాయి. తిరిగి వచ్చి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, ఫైలులో ఇట్లా రాశారు: 'బరువు పరీక్ష సంతృప్తికరము. యూనిట్లు మరమ్మతుకు పూర్వముకంటే ఉల్లాసముగా ఉన్నవి.'

ఆ నివేదిక పైకి పోయింది. పైవాళ్లకు బాగా నచ్చింది. ఇంత మంచి ఫలితమిచ్చిన మరమ్మతు ఏటికి ఒక్కసారే ఎందుకని అడిగారు. ఇప్పుడు విత్తేటప్పుడొకసారి, కలుపుకు గుంటక తోలేటప్పుడొకసారి, కాయ తోలుకునేటప్పుడొకసారి, సంస్థ ఖర్చు మీద యూనిట్లు సర్వే నంబరు 214కు వచ్చి పోతున్నాయి. ఆ ఏడు పంట బాగానే పండింది. పరాంకుశం గారు నడిచిన అరసాలు ఒకచోట గుత్తిగా, ఒకచోట బోడిగా ఉండి దూరంనుంచే కనిపించేది. కాయ పీకినప్పుడు ఆ అరసాలు కాయలు విడిగా ఒక సంచిలో కట్టి లింగమ్మొదిన శిబిరానికి పంపింది. ఆయన వాటిని ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదని విన్నాను. ఆయన ఉద్యోగంలో అదొక్కటే తప్పు.

మాకు మాత్రం కరెంటు ఎప్పటిలాగే పోతోంది. మొన్న చీకటి పడేవేళ పోయింది. మా వీధిలో ఎవరో అలవాటుగా లైన్‌మన్‌ను తిట్టబోయారు. లింగమ్మొదిన అరుగుమీద కాయలు ఒలుస్తూ, చెయ్యి ఆపకుండానే అంది:

"ఊరుకో అబ్బీ. యాడనో పదునైనట్టుండాది. ఇత్తుకోనీ పాపం."